ఇతరుల కుక్కలను ఇంట్లో ఉంచుకునే పని మా అమ్మాయికి బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి పశువైద్య కోర్సులో సీటు కోసం రెండుసార్లు ప్రయత్నించి, రాకపోవడంతో జంతుశాస్త్రం తీసుకుని బీఎస్సీ పూర్తి చేసింది. ఏడాదిగా ఊళ్లకు వెళ్లేవారి కుక్కలను రోజుకు 400 రూపాయలు తీసుకుని మా ఇంట్లో ఉంచుకుంటోంది. అన్నీ కలిపితే ఈ ఏడాదిలో 110 రోజులకు డబ్బు వచ్చింది. ఇక ఇదే వృత్తిగా చేసుకుంటానంటోంది. బీఈడీ, ఎమ్మెస్సీ, బ్యాంకు పరీక్షలు, బెంగళూరులో గ్రూమింగ్ (కుక్కలకు స్నానం, జుట్టు, గోళ్ల పని) కోర్సు, వీటితో పోల్చి ఏది మేలో చెప్పండి. బంధువులు నవ్వుతున్నారు. సంబంధాలు చూడాల్సిన వయసు. ఆమె కుక్కల గురించి రాసుకునే పుస్తకంలో ఒక పేజీ ఫోటో పంపుతున్నాను. చూస్తే పరిస్థితి మీకే అర్థమవుతుంది.

జవాబు: మీరు కోరిన పోలిక చెబుతాను. అంతకంటే ముందు మీరు పంపిన పేజీ గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో మీ అమ్మాయి గురించి నాకు ఏమైనా తెలిసిందంటే అది ఆ పేజీ వల్లనే తెలిసింది.

అందులో ఇలా ఉంది: "బ్రూనో, లాబ్రడార్, అయిదేళ్లు. సాయంత్రం ఆరింటికి వదిలి వెళ్లారు. రాత్రంతా గేటు దగ్గరే కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. ఉరిమినప్పుడు మంచం కిందికి దూరాడు, బలవంతంగా లాగలేదు. తెల్లవారి నాలుగింటికి నీళ్లు తాగాడు. ఎడమ చెవి లోపల రెండు గోమార్లు. తీసేసి వాళ్లకు ఫోటో పంపాను." దీన్ని మీరు ఆమె పిచ్చికి రుజువుగా పంపారు. నేను ఆసుపత్రిలో రోగి మంచానికి తగిలించిన కేసు కాగితాన్ని చదివినట్టు చదివాను. కొత్త చోటికి వచ్చిన కుక్క మొదటి రోజు తిండి మానేయడం సహజమని, భయపడినదాన్ని బయటికి ఈడ్చకూడదని, రక్తం పీల్చే గోమార్ల వల్ల వచ్చే జ్వరం కుక్క ప్రాణం తీయగలదు కనుక చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ వెతకాలని, కనిపించినదాన్ని యజమానికి దాచకుండా చెప్పాలని ఆమెకు తెలుసు. డబ్బు తీసుకుని ఒక ప్రాణి బాధ్యత వహించేవారికి మొట్టమొదట ఉండవలసిన గుణం ఇదే, ఇది ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ దొరకదు.

ఇక మీ ఆందోళన. ఇటువంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరి కూతురు ఇంట్లో కేకులు చేసి అమ్ముతానంటుంది, ఇంకొకరి కొడుకు ఫోటోలు తీస్తానంటాడు. పని పేరు మారుతుంది, ప్రశ్న మారదు: అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? మీరు ఆదాయం గురించి రాశారు, బంధువుల నవ్వు గురించి, సంబంధాల గురించి రాశారు. ఏడాది పాటు ఆమె ఎలా పని చేసిందో, తీసుకున్న కుక్కలను క్షేమంగా అప్పగించిందో లేదో ఒక్క మాట కూడా రాయలేదు. ఇది తప్పని నేను నిర్మొహమాటంగానే చెబుతున్నాను. రెండుసార్లు సీటు రాక కుంగిపోయిన పిల్ల, ఆ జంతువుల మీది ఇష్టాన్ని వదలకుండా తనంతట తానే ఒక పని వెతుక్కుని, తన చేతి సంపాదన కళ్ల చూసింది. నవ్వే బంధువులకు సమాధానం చెప్పే బాధ్యత ఆమెది కాదు, మీది. "మా అమ్మాయి సొంతంగా పని చేసుకుంటోంది" అని మీరు తల ఎత్తి చెప్పగలిగిన రోజున సగం నవ్వులు ఆగిపోతాయి.

అయితే ఆమె కోరుకున్న దారి మీద నాకు ఉన్న సందేహాలను కూడా అంతే స్పష్టంగా చెప్పాలి, ఈ భాగాన్ని దయచేసి ఆమెకు కూడా చదివి వినిపించండి.

పెంపుడు జంతువుల వ్యాపారం గురించి ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల లెక్క చాలా సులువుగా ఉంటుంది: నాలుగు కుక్కలు, రోజుకు 400, నెలకు 48,000. మీ అమ్మాయి అసలు లెక్క 110 రోజులకు 44,000 రూపాయలు, అంటే ఖర్చులు తీయకముందే నెలకు 3,700 లోపు. ఈ తేడాకు కారణం ఆమె అసమర్థత కాదు, మన ఊరి తీరు. బెంగళూరులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్ట్‌మెంటు కుటుంబానికి ఊరెళ్లేటప్పుడు కుక్కను అప్పగించడానికి మనిషి దొరకడు, అందుకే డబ్బు ఇస్తుంది. అనంతపురంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఎవరో ఒక పెద్దవారు ఉంటారు, లేకపోతే పక్కింటివారికి చెప్పి "రెండు పూటలా ఇంత అన్నం పెట్టండి" అని వెళ్లిపోతారు. డబ్బు ఇచ్చి కుక్కను ఉంచే అలవాటు విశ్వవిద్యాలయాల సిబ్బందిలోనూ, బదిలీల మీద వచ్చే ఉద్యోగుల్లోనూ, పిల్లల కాన్పులకు అమెరికా వెళ్లే తల్లిదండ్రుల్లోనూ ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. ఈ గిరాకీ పెరగవచ్చు, కానీ పెరుగుతుందన్న నమ్మకం మీద ఒక్కదాని మీదే జీవితం పెట్టమని నేను ఆమెకు చెప్పలేను.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ పనికి గిరాకీ ఉండేది సంక్రాంతికి, దసరాకు, పెళ్లి ముహూర్తాలకు, వేసవి సెలవులకు. అంటే ఊరంతా ప్రయాణాలు చేసే రోజుల్లో మీ అమ్మాయి ఇల్లు కదలకూడదు. వేసవి సంగతి మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, సరిగ్గా అప్పుడే కుక్కలు ఎక్కువగా వస్తాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని వదులుకుంటుంది. పగ్, షిట్జూ వంటి పొట్టి ముక్కు జాతులకు ఆ రొప్పడమే కష్టం. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోయి, రేకుల కింద కట్టేసిన పగ్ ఒంట్లో ఆ వేడి 106కు చేరితే మిగిలేది నిమిషాలే. కాబట్టి కూలరుకు ఇన్వర్టరు లేని ఇంట్లో వేసవిలో పొట్టి ముక్కు కుక్కలను తీసుకోకూడదు, మిగతావాటిని కూడా తెల్లవారుజామున, పొద్దు గూకిన తరువాత రోడ్డు చల్లబడ్డాకే బయట తిప్పాలి. ఆదాయం ఎక్కువ వచ్చే నెలలోనే కొందరిని కాదనగలిగిన నిబ్బరం ఆమెకు ఉండాలి.

తప్పిపోవడం ఇంకొక ప్రమాదం. కొత్త ఇంటికి వచ్చిన కుక్క తన ఇంటిని వెతుక్కుంటూ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పారిపోవాలని చూస్తుంది, పాలవాడు గేటు తీసిన క్షణం దానికి చాలు. వీధికీ కుక్క ఉండే చోటికీ మధ్య రెండు తలుపులు ఉండాలి, ఒకటి మూసిన తరువాతే రెండోది తెరవాలి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను ఎంత బతిమాలినా తీసుకోకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఒకసారి పెరట్లో చేరితే నెలల తరబడి బతికే ఉంటుంది, ఆ తరువాత వచ్చే ప్రతి కుక్కపిల్లకూ ముప్పే.

చట్టం సంగతి చాలామంది పట్టించుకోరు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నియమాలు డబ్బుకు ఇతరుల కుక్కలను ఉంచుకునేవారిని కూడా తమ పరిధిలో చేర్చాయి. నలుగురికీ తెలిసేలా బోర్డు పెట్టుకునే ముందు రిజిస్ట్రేషన్ గురించి జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. మీ సంరక్షణలో ఉన్న కుక్క మీ నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా ప్రమాదకరంగా మారితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. యజమాని వేరే ఊళ్లో ఉన్నా, గొలుసు ఎవరి చేతిలో ఉందో వారే జవాబుదారు.

ఇప్పుడు మీరు అడిగిన పోలిక. పశువైద్య డిగ్రీ మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పడుతుంది, ఆమె స్వయంగా అడిగితే తప్ప మీరు ఆ మాట ఎత్తకండి. ఆమెకు ఇష్టం లేని బ్యాంకు పరీక్షల కోచింగుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. గ్రూమింగ్ చేతి పని, మంచి చోట నేర్చుకుంటే ఉపయోగమే. కానీ కొన్ని వారాల కోర్సుకు వేలకు వేలు కట్టే ముందు, మన ఊళ్లో ఏదైనా పెంపుడు జంతువుల క్లినిక్‌లో మూడు నెలలు సహాయకురాలిగా చేరి చూడమనండి. గోళ్లు కత్తిరించడం, కరిచే కుక్కను పట్టుకోవడం, ఎప్పుడు డాక్టరును పిలవాలో గుర్తించడం అక్కడే వస్తాయి, ఆ డాక్టరే రేపు ఆమె దగ్గరికి కుక్కలను పంపుతాడు. నన్ను ఒకటి ఎంచమంటే బీఈడీ ఎంచుతాను. రెండేళ్ల చదువు ఊళ్లోనే పూర్తవుతుంది, జంతుశాస్త్రం చదివినవారికి బడిలో చోటు ఉంటుంది, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు టీచరుకు కూడా సెలవులే కనుక గిరాకీ ఉన్న రోజుల్లో కుక్కల పని ఆగదు. ఎమ్మెస్సీ ఆమెకు పరిశోధన మీద ఆసక్తి ఉంటేనే.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది: ఆమె తరగతికి వెళ్లిన రోజున ఇంట్లో ఉన్న కుక్కను ఎవరు చూస్తారు? మీ ఉత్తరంలో ఆమె తల్లి ప్రస్తావన లేదు, ఆ పని తల్లి మీదే పడుతుందని నా అనుమానం. దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కలు తిరగడం ఆ తల్లికి సమ్మతమో కాదో ముందు కనుక్కోండి. పెరటి వైపు గదిని విడిగా కేటాయించి, ఒకేసారి రెండు కుక్కలకు మించకుండా, కళాశాల ఉన్న రోజుల్లో తీసుకోకుండా మీ ముగ్గురూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకోండి. అప్పుతో షెడ్డు కట్టడం, ఫ్రాంచైజీ తీసుకోవడం వంటివి రెండేళ్ల వరకు తలపెట్టవద్దు. ఖర్చులతో సహా లెక్క రాయడం మాత్రం ఒక్క రోజు కూడా మానవద్దు.

మీ అమ్మాయి భవిష్యత్తు చెడిపోయిందని దయచేసి అనుకోకండి. ఇరవై ఏళ్లు దాటిన పిల్ల, చేతిలో డిగ్రీ, చేసే పనిలో శ్రద్ధ, నమ్మి కుక్కలను అప్పగించే మనుషులు. ఉద్యోగం కోసం నా దగ్గరికి వచ్చేవారిలో ఇవన్నీ కలిసి ఉన్నవారు తక్కువ. సంబంధం చూడటానికి వచ్చినవారు ఈ పనిని దాచమంటే, ఆ ఇంట్లో ఆమె ఇంకా ఎన్ని దాచుకోవలసి వస్తుందో మీరే ఆలోచించండి.

ఈ వారంలో చేయవలసిన పని ఒకటి ఉంది. ఏడాదిగా తెలియని కుక్కలను పట్టుకుంటున్న ఆ అమ్మాయికి ముందు జాగ్రత్తగా వేసే రేబిస్ టీకా వేయించారా అన్నది మీరు రాయలేదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు దాదాపుగా చికిత్స లేదు. కాటు పడకముందే వేయించుకునే టీకా ఉంది, అది వేయించుకున్నా తరువాత కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే. ఆమెతో పాటు ఆమె తల్లిని, ఆ ఇంట్లోనే ఉంటున్నారు కనుక మిమ్మల్ని కూడా ఒకసారి డాక్టరుకు చూపించి ఎవరెవరికి అవసరమో అడగండి. వచ్చే ప్రతి కుక్కకూ రేబిస్ టీకా వేసిన తేదీ, డాక్టరు సంతకం ఉన్న పుస్తకం చూసిన తరువాతే గేటు తీయాలని ఆమెకు చెప్పండి.