పాత పెళ్లి క్యాసెట్ వీడియోలో ఎడమ అంచున రంగు పట్టీ వస్తోంది. అంచును కత్తిరించేయాలా?

కత్తిరించకండి. రంగును మాత్రమే బాగు చేయండి.

1990ల నాటి మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ను నాగర్‌కర్నూలులో కంప్యూటర్‌లోకి ఎక్కించారనీ, ఎడమ అంచున ఊదా రంగు పట్టీ, అడుగున చిరిగినట్టు గీతలు కనిపిస్తున్నాయనీ రాశారు. నల్గొండలో మా మేనత్త పెళ్లి క్యాసెట్‌దీ ఇదే పరిస్థితి. ఒక స్టూడియోకు ఇస్తే నాలుగు వైపులా కోసి, మిగిలినదాన్ని సాగదీసి ఇచ్చారు. తలంబ్రాల వేళ మండపం స్తంభం పక్కన నిలబడ్డ మా తాతయ్య ముఖం అందులో సగమే మిగిలింది. ఆయన కదులుతూ కనిపించే దృశ్యం మాకు అదొక్కటే. క్యాసెట్ ఇంట్లోనే ఉంది కాబట్టి మళ్లీ ఎక్కించి నేనే సరిచేసుకున్నాను.

ముందు పట్టీ ఎక్కడిదో తేల్చుకోండి. దృశ్యం ఏది వచ్చినా ఒకే వెడల్పుతో, ఒకే ముదురు ఆకుపచ్చగా ఉంటే అది క్యాసెట్ తప్పు కాదు. ఫైలులో ఆ చోట వెలుగు, రంగు విలువలన్నీ సున్నాలుగా పడితే తెర మీద ఆకుపచ్చే కనిపిస్తుంది. అప్పుడు క్యాప్చర్ కార్డు (వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) అమరికలు చూసుకోవాలి. ఇరువైపులా ఉండే సన్నని నల్ల అంచులు మాత్రం మామూలే: ఫైలు వెడల్పు 720 పిక్సెళ్లలో (పిక్సెల్ అంటే బొమ్మలోని ఒక చుక్క) అసలు బొమ్మ సుమారు 702 పిక్సెళ్లే. దృశ్యంతోపాటు పట్టీ మారుతుంటే అది టేపు నుంచి వచ్చిందే.

వీహెచ్ఎస్ టేపులో, అంటే ఇలాంటి పెళ్లి క్యాసెట్లలో, వెలుగు, రంగు వేర్వేరుగా నమోదవుతాయి. మన దేశపు టీవీ రంగు పద్ధతి అయిన పాల్ (PAL)లో రంగు సంకేతాన్ని 4.43 మెగాహెర్ట్జ్ నుంచి దాదాపు 627 కిలోహెర్ట్జ్‌కు దించి రాస్తారు. అందుకే రంగు చాలా మందకొడిగా మారుతుంది. బొమ్మను కూర్చే ప్రతి అడ్డగీత మొదట్లో అది అసలు స్థాయికి చేరేలోపు కొన్ని పిక్సెళ్లు గడిచిపోతాయి. ఆ చోట వెలుగు మాత్రం బాగానే నమోదై ఉంటుంది, ముఖం గీతలు, చీర అంచు అన్నీ. పాత టీవీలు బొమ్మ అంచులను తెర చట్రం వెనక దాచేసేవి కనుక ఆ రోజుల్లో ఈ లోపం ఎవరి కంటా పడలేదు.

నేను అవిసింత్ (AviSynth) అనే వీడియో సవరణ సాఫ్ట్‌వేర్‌తో చేశాను. మొదట బొమ్మ అంతటా రంగు కుడికి జారిందేమో చూడండి. తెల్ల పంచె పక్కన ఎర్ర పట్టుచీర ఉన్న చోట సులువుగా తెలుస్తుంది. జారి ఉంటే రంగును రెండు నాలుగు పిక్సెళ్లు ఎడమకు జరపండి. కాపీకి కాపీ తీసిన క్యాసెట్‌లో రంగు కిందికి కూడా దిగుతుంది. పైకి జరిపేముందు ఫీల్డులను (ఒక్కో బొమ్మలోని సరి, బేసి అడ్డగీతల రెండు సగాలను) విడదీయడం తప్పనిసరి.

తర్వాత వెలుగును ముట్టుకోకుండా రెండు రంగు పొరలను విడిగా తీసి, నల్ల అంచు దాటాక చెడిన పట్టీ ఎంత వెడల్పుందో చూడండి. దాని పక్కనే అంతే వెడల్పున్న మంచి భాగాన్ని అద్దంలోలా తిప్పి చెడినచోట అతికించి, పాత వెలుగుతో కలపండి. రంగును సుమారుగా మాత్రమే పట్టించుకుంటుంది మన కన్ను. అందుకే అతుకు కనిపించదు. మా తాతయ్య తలపాగా ఎరుపు అలాగే తిరిగొచ్చింది. పక్కవాళ్ల బట్టల రంగు ముఖం మీదికి పాకే దృశ్యాల్లో మాత్రం అతికించకుండా ఆ పట్టీలో రంగు తగ్గించి వదిలేయడమే మేలు.

అడుగు గీతలు వేరే సంగతి. వీసీఆర్ డ్రమ్ము మీది ఒక హెడ్డు (టేపును చదివే భాగం) నుంచి ఇంకో హెడ్డుకు మారే చోటు అది. అక్కడ బాగు చేయడానికి బొమ్మే ఉండదు. ఆ కొద్ది గీతలను నల్ల పట్టీతో కప్పేయండి, కోసి సాగదీయకండి. ఇంటర్లేస్ వీడియోను (ఇలా రెండు ఫీల్డులుగా ఉండేదాన్ని) నిలువుగా సాగదీస్తే రెండు ఫీల్డులూ కలిసిపోతాయి, ఆ దెబ్బను తర్వాత సరిచేయలేరు.

మీది అసలు క్యాసెట్టా, కాపీనా? అది చెబితే రంగు ఎటు, ఎంత జరపాలో చూసి చెబుతాను.