వాషింగ్టన్‌లో పత్రికల మ్యూజియం ఇంకా ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. చాలాకాలం మా మండలం నుంచి వార్తలు రాసినవాణ్ని. వాషింగ్టన్‌లో జర్నలిజానికే ఒక మ్యూజియం ఉందని విన్నాను. అబ్బాయేమో మూతపడిందంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండి. దాని పేరు న్యూజియం. 1997లో వర్జీనియాలోని రాస్లిన్‌లో మొదలైంది. 2008లో వాషింగ్టన్‌లో పెద్ద భవనంలోకి మారింది. ఖర్చులు తట్టుకోలేక 2019 డిసెంబర్ 31న మూసేశారు. పక్కనున్న స్మిత్‌సోనియన్ మ్యూజియంలు ఉచితం, ఇక్కడ టికెట్ 25 డాలర్లు ఉండేది. భవనాన్ని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ 37.25 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

అది తెరిచి ఉన్న రోజుల్లో నేను చూశాను. బయట ఫుట్‌పాత్ పక్కనే ఆ రోజు పత్రికల మొదటి పేజీలు వరసగా పెట్టేవారు. డెస్కులో పనిచేసినవాణ్ని కదా, ఏ వార్త ఎవరు బ్యానర్ చేశారో, ఎవరు కింద సింగిల్ కాలమ్‌లో వేశారో చూస్తూ అక్కడే చాలాసేపు ఉండిపోయాను. లోపల బెర్లిన్ గోడ పలకలు ఎనిమిది ఉండేవి.

నన్ను కదలనివ్వనిది మాత్రం పేలిపోయిన ఒక డాట్సన్ కారు. ‘అరిజోనా రిపబ్లిక్’ పత్రిక విలేకరి డాన్ బోల్స్‌ది. సమాచారం ఇస్తానన్న మనిషిని కలవడానికి 1976 జూన్ 2న ఫీనిక్స్‌లో ఒక హోటల్‌కు వెళ్లాడు. ఆ మనిషి రాలేదు. తిరిగొచ్చి కారెక్కాక కింద పెట్టిన బాంబు పేలింది. 11 రోజులకు చనిపోయాడు. అప్పుడు వేర్వేరు పత్రికల విలేకరులు ఫీనిక్స్ చేరి, నేర ముఠాలకూ పెద్దమనుషులకూ ఉన్న లింకులు తవ్వి 1977లో వరస కథనాలు ఇచ్చారు. మామూలుగా ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పని వృత్తి మనది! మండలంలో ఉంటూ ఇసుక లారీల గురించి రాయాలంటే ఎంత టెన్షనో మీకు తెలుసు. వెనక పదిమంది తోటివాళ్లు నిలబడితే ఆ ధైర్యమే వేరు. విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న 2,300 మందికి పైగా జర్నలిస్టుల పేర్లు న్యూజియంలో అద్దాల మీద ఉండేవి.

మీరు ఫిలడెల్ఫియా వెళ్లండి. న్యూజియం ముందుగోడకు ఉన్న 74 అడుగుల పాలరాతి ఫలకాన్ని విడదీసి అక్కడి నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్ అనే రాజ్యాంగ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. పత్రికా స్వేచ్ఛకు అడ్డొచ్చే చట్టం చేయకూడదని చెప్పే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ, మొత్తం 45 పదాలూ దాని మీద చెక్కి ఉంటాయి. అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చూసే లిబర్టీ బెల్ గంట కూడా ఆ దగ్గర్లోనే. మొదటి పేజీలైతే న్యూజియంను నడిపిన ఫ్రీడమ్ ఫోరమ్ సంస్థ వెబ్‌సైట్‌లో తెనాలి నుంచే చూడొచ్చు.