మీ పిల్లల కోర్టుకు ఆ కేసును ఎవరు పంపారు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా మా ఊళ్లో సాయంత్రం పూట పిల్లలకు ఉచితంగా పాఠాలు చెబుతున్నాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి యూత్ కోర్టు చూశాను. తప్పు చేసిన పిల్లవాడికి తోటి పిల్లలే చిన్న శిక్ష వేసి, దారిలో పెడతారు. తిరిగి వచ్చాక మా కేంద్రంలోనూ అలాంటిది పెట్టాను. ఈ జనవరిలో పదహారేళ్ల కుర్రవాడు ఒకరి ఫోను తీశాడు. ఫోను సొంతదారు స్టేషనుకు వెళితే ఎస్సై గారు మీలో మీరే తేల్చుకోండి అన్నారట. 19న ఐదుగురు పిల్లలు జ్యూరీగా, నేను జడ్జిగా కూర్చున్నాం. తప్పు ఒప్పుకుంటూ కుర్రవాడు కాగితం రాసి ఇచ్చాడు. నెల రోజులు మా గ్రంథాలయం ఊడవాలని చెప్పాం. నలుగురికీ ఆదర్శంగా ఉంటుందని చీపురుతో ఉన్న అతని ఫొటోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తండ్రి అప్పుడు సరేనన్నాడు. మే నెలలో అతనే నామీద ఫిర్యాదు చేశాడు. జిల్లా బాలల సంరక్షణ విభాగం పదిహేను రోజుల్లో వివరణ ఇమ్మంటోంది. మంచికి పోతే ఇలా చెడు ఎదురైంది. నాలుగు నెలలు ఊరుకున్నవాడి ఫిర్యాదు చెల్లుతుందా? అప్పట్లోనే అంగీకరించినట్టు పాత తేదీతో అతని దగ్గర కాగితం రాయించుకోవచ్చా? ఒక సంస్థ పదిహేను వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో ‘యూత్ కోర్టు జడ్జి’ శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తానంటోంది. అది ఉంటే ఇకముందు ఇబ్బంది రాదా?
- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు రాసిన ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మీ సేవ గురించి, మీ మనసుకు తగిలిన గాయం గురించి. కేసును తేల్చే మాట మాత్రం మూడో పేజీలో ఒకే వాక్యంలో ఉంది. ఫోను సొంతదారు స్టేషనుకు వెళ్లాడు. ఏ రోజు వెళ్లాడు? కాగితం ఇచ్చాడా, నోటితో చెప్పి వచ్చాడా? స్టేషనులో రోజూ రాసే జనరల్ డైరీలో నమోదైందా? ఇవేవీ మీరు రాయలేదు. ఎస్సై గారి మాట కూడా ‘అన్నారట’. అంటే మీరు వినలేదు, అడగలేదు.

ఆ తేదీ ఎందుకు ముఖ్యమో చెబుతాను. బాలల నేరాలు, సంరక్షణ చూసే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, విచారణలోనో దర్యాప్తులోనో న్యాయ ప్రక్రియలోనో ఉన్న బాలుడి పేరు, చిరునామా, బడి, అతన్ని గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ బయటపెట్టకూడదు. పత్రికకే కాదు, ఏ సమాచార సాధనానికైనా ఇది వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఫొటో పెట్టే నాటికి స్టేషనులో ఏమీ నమోదు కాకపోతే, అక్కడ చట్టం చెప్పే విచారణ గానీ దర్యాప్తు గానీ లేదని మీ లాయరు వాదించవచ్చు. గమనించారా? ఆ వాదన నిలవాలంటే ‘నేను నడిపింది కోర్టు కాదు, ఆ తీర్పు తీర్పు కాదు’ అని మీరే చెప్పుకోవాలి. అలా కాక ఫిర్యాదు ముందే డైరీకి ఎక్కి ఉంటే మీ వాదన బాగా చిక్కిపోతుంది.

మీరు అమెరికాలో చూసినదాన్ని సగమే చూశారు. టెక్సస్‌లోని ఒడెస్సాలో 1983లో మొదలైన టీన్ కోర్టు చూసి ఆ దేశంలో ఇలాంటివి వందల సంఖ్యలో వచ్చాయి. వాటిలో పిల్లలు తమంతట తాము కేసులు తెచ్చుకోరు. పోలీసులో, ప్రొబేషన్ అధికారో, బాలల కోర్టో, బడో పంపాలి. చాలా చోట్ల బాలుడు ముందే తప్పు ఒప్పుకుని, తల్లిదండ్రులు సంతకం చేశాకే తోటి పిల్లల ముందుకు వస్తాడు. అలాంటి చోట్ల అతను దోషా కాదా అన్నది వాళ్లు తేల్చరు, ఏం చేయించాలన్నదే నిర్ణయిస్తారు. మరి ఆ కూర్చునే పిల్లలు? అలాస్కాలోని ఆంకరేజ్ యూత్ కోర్టులో కొన్ని వారాల తరగతులు విని, పరీక్ష నెగ్గితేనే కుర్చీ దక్కుతుంది. మీ ఐదుగురికీ ఏం నేర్పారు? మీకు కేసు పంపినవారెవరు? మన చట్టంలో అలా ప్రైవేటు మనిషికి కేసు అప్పగించే ఏర్పాటు లేదు. ఎస్సై నోటిమాట ఉత్తర్వు కాదు.

అసలు ఆ కుర్రవాడికి ఇక్కడ దారి లేకనా? దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి ఇది చిన్న నేరం. జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నాటి నమూనా నిబంధనల ప్రకారం ఇలాంటి వాటికి ఎఫ్ఐఆర్ కూడా వేయరు. పిల్లల సంక్షేమ పోలీసు అధికారి డైరీలో రాసుకుని, కుర్రవాడి ఇంటి పరిస్థితులపై నివేదికతో, బాలల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. బోర్డు 18వ సెక్షన్ కింద మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు. పార్కు చూసుకోవడం, ఆసుపత్రిలో సాయపడటం లాంటి పనులు ఆ నిబంధనల్లోనే ఉన్నాయి. మీరు ఊడ్పించిన గ్రంథాలయం కన్నా అది మెరుగు. ఎందుకంటే బోర్డు తప్పు చేశాడని తేల్చినా 24వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డును కొంతకాలానికి నాశనం చేస్తారు. చట్టం చెరిపేసే మచ్చను మీరు ఊరందరి ఫోన్లలో అచ్చు వేశారు.

ఇక కాలపరిమితి. ‘నాలుగు నెలలు ఊరుకున్నాడు’ అన్నది రచ్చబండ వాదన. ఏడాది లోపు జైలు శిక్ష పడే నేరానికి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం ఒక ఏడాది గడువు ఉంటుంది. అంటే 74వ సెక్షన్ కింద వచ్చే జనవరి దాకా సమయముంది. లెక్కలోకి వచ్చేది ఫిర్యాదు దాఖలైన తేదీయే గానీ కోర్టు దాన్ని చేపట్టిన తేదీ కాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది. కాబట్టి ఫైలు నత్తనడక నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కూడా అంటగట్టవచ్చు. పిల్లవాడు మీ అధీనంలో ఉండగా అనవసరమైన మానసిక బాధ కలిగించారన్న ఆరోపణ అది. మూడేళ్ల వరకు శిక్ష, గడువూ మూడేళ్లు. ఊడ్పించడం కన్నా ఆ చీపురు ఫొటోయే ఇక్కడ మీకు చేటు. ఒక ఊరట ఉంది. 74వ సెక్షన్ నేరం నాన్‌ కాగ్నిజబుల్, బెయిలు ఇవ్వదగినది. దాని మీద మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు.

కుర్రవాడు రాసిచ్చిన కాగితం మీకు రక్ష అనుకుంటున్నట్టున్నారు. పెద్దమనిషి స్థానంలో ఉన్నవారు భయపెట్టో ఆశపెట్టో రాయించారంటే ఆ ఒప్పుకోలు అతని మీద పనికిరాదు. అదే కాగితం మీరు ఏం నడిపారో చెప్పే సాక్ష్యంగా మీ మీద మాత్రం పనికొస్తుంది.

పాత తేదీతో అంగీకార పత్రమన్న ఆలోచన మీకెవరిచ్చారో గానీ, ఆ మనిషిని దగ్గరికి రానివ్వకండి. అధికారి ముందు సాక్ష్యంగా పెట్టాలని అబద్ధపు కాగితం పుట్టించడం నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కిందికి వస్తుంది. అధికారుల విచారణలో వాడితే మూడేళ్ల వరకు, కోర్టులో వాడితే ఏడేళ్ల వరకు శిక్ష. ఆరు నెలల నేరాన్ని తప్పించుకోవడానికి ఏడేళ్ల నేరం చేస్తారా? పైగా సంతకం చేయాల్సింది మీ మీద ఫిర్యాదు చేసినవాడే. రేపు బోనులో నిలబడి నిజం చెబితే మీ పని అయిపోయినట్టే. కంగారులో ఫోనులోని సంభాషణలు చెరిపేయడమూ తప్పే. సాక్ష్యంగా అడగబోయే ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం అదే సంహిత 241వ సెక్షన్ నేరం. గ్రూపులో పోస్టు, దాని తేదీ, వేళ కనబడేలా ముందు లాయరు దగ్గర భద్రపరచండి. ఆ తర్వాతే అందరికీ కనబడకుండా తొలగించండి. కుర్రవాడి కాగితం అసలును కవర్లో పెట్టి సీలు చేసి ఆయనకే ఇవ్వండి, నకళ్లు తీయవద్దు.

వివరణ గడువు దాటనీయకండి. మీ సేవా చరిత్ర అందులో అక్కర్లేదు. జరిగింది, తేదీలతో, రెండు పేజీల్లో రాయండి. పోస్టు తీసేశానని, ‘కోర్టు’ ఆపేశానని చెప్పండి. క్షమాపణ లేఖ తండ్రికి సొంతంగా పంపకండి. అందులో మీరు అమాయకంగా రాసే ప్రతి వాక్యం ఒప్పుకోలు అవుతుంది. స్టేషను డైరీ నమోదు వివరాలను లాయరు ద్వారా రాబట్టండి.

పదిహేను వేల సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ దేశంలో బాలల విషయంలో ఆ కుర్చీ జువెనైల్ జస్టిస్ బోర్డులోనే ఉంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరైనా మహిళ. సామాజిక కార్యకర్తకు పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో కనీసం ఏడేళ్ల అనుభవం ఉండాలి, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, మనోవైద్యం, సామాజిక శాస్త్రం, న్యాయశాస్త్రాల్లో ఒకదానిలో పట్టాతో వృత్తి చేస్తుండాలి. నియమించిన 60 రోజుల్లోగా శిక్షణ ఇప్పించాల్సిన బాధ్యత జువెనైల్ జస్టిస్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానిదే, దానికి మీరు ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. మీకు పద్నాలుగేళ్ల అనుభవం ఉంది, సరే. రుజువేదీ? సొసైటీ రిజిస్ట్రేషను లేదు, హాజరు పట్టిక లేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవారు ఒక్క రిజిస్టరు పెట్టకపోవడం ఏమిటి? ఇంకో మాట. బాలల హక్కులను ఉల్లంఘించిన చరిత్ర ఉన్నవారు ఆ పదవికి అనర్హులని అదే సెక్షన్ చెబుతోంది. ముందు ఈ ఫిర్యాదు శుభ్రంగా ముగియాలి.

అది ముగిశాక జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి పారా లీగల్ వలంటీరుగా, అంటే న్యాయ సహాయం అందేలా తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తగా, దరఖాస్తు చేయండి. ఉపాధ్యాయులను తీసుకుంటారు, శిక్షణ వారే ఇస్తారు. బోర్డు దగ్గరే పని దొరికే అవకాశమూ ఉంది. మీ పిల్లలకు కోర్టు ఎలా నడుస్తుందో చూపించాలనుకుంటే కల్పిత కేసుతో మాక్ కోర్టు పెట్టించండి, వద్దనేవారు లేరు. బోర్డు పదవికి ప్రకటన వచ్చినప్పుడు వయసు నిబంధనలు చదివి దరఖాస్తు చేయండి. ఈలోగా పాత విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గర ఏయే సంవత్సరాల్లో మీ దగ్గర చదివారో రాయించుకోండి, ఈనాటి తేదీతోనే.