ఏకాంతపు బంగ్లా: అడ్వాన్స్ కట్టే ముందు

ప్రశ్న: జనవరిలో ఐదు రోజులు అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, 68 ఏళ్ల మా అత్తగారు. స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవ్‌లాక్) బీచ్ పక్కనే విడిగా ఉన్న బంగ్లా ఒకటి చూశాం. సగం డబ్బు ముందే కట్టమంటున్నారు. ఏమేం కనుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: డబ్బు సంగతి తర్వాత, ముందు రోజుల లెక్క చూడండి. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై విమానాశ్రయానికి నాలుగు గంటలు వేసుకోవాలి. తెల్లవారుజామున విమానమైతే ముందు రోజు రాత్రే కదలాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) రెండుంపావు గంటలు. అక్కడి నుంచి ద్వీపానికి ఓడ ఎక్కాల్సిందే. ప్రైవేటు ఓడ గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తుంది. ప్రభుత్వ ఓడకు ఇంకాస్త పడుతుంది. చీకటి పడ్డాక ఓడలు లేవు. విమానం ఆలస్యమై ఓడ తప్పితే బంగ్లాకు కట్టిన మొదటి రాత్రి డబ్బు నీళ్లపాలే. అందుకే విమానం దిగడానికి, ఓడ బయలుదేరడానికి మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. చివరి రాత్రి మాత్రం బంగ్లాలో వద్దు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు రద్దు చేస్తారు, విమానం మీకోసం ఆగదు. ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. అంటే బంగ్లాకు మిగిలేవి మహా అయితే మూడు రాత్రులు. నాలుగింటికి డబ్బు కట్టకండి.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. గడియారం మనదే అయినా అండమాన్ బాగా తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు తిరుపతి కంటే దాదాపు 50 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. జనవరిలో సాయంత్రం ఐదున్నరకల్లా మసకే. ఊరికి దూరంగా, వీధి దీపాలు లేని దారిలో, పెట్టెలు మోసుకుంటూ, పెద్దావిడతో చీకట్లో బంగ్లా వెతుక్కోవడం ఎందుకు? మధ్యాహ్నం మూడు గంటలలోపు ద్వీపం చేరే ఓడే ఎక్కండి.

ఇక యజమానిని అడగాల్సినవి. కరెంటు పోతే జనరేటర్ ఏసీని కూడా నడుపుతుందా, ఫ్యాను, లైట్ల వరకేనా? "బ్యాకప్ ఉంది సార్" అన్న మాటతో ఊరుకోకండి. స్నానానికి వచ్చే నీళ్లు ఉప్పగా ఉంటాయా? ఉప్పునీటిలో సబ్బు నురగ రాదు, జుట్టు జిడ్డుగా అట్టకడుతుంది. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున వాళ్లే ఇస్తారా? వాహనం ఆగే చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని అడుగులు, అందులో ఇసుక ఎంత, మెట్లెన్ని? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇసుకలో నూరడుగులు కూడా బరువే. ద్వీపంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది కానీ పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. కాబట్టి అత్తగారి బీపీ, షుగరు మందులు రెండు రోజులవి అదనంగా తీసుకుని, చేతిసంచిలోనే పెట్టుకోండి. రాత్రిపూట బంగ్లా దగ్గర మనిషి ఉంటాడా అన్నది ఆఖరి ప్రశ్న. లేడంటే మీ కుటుంబానికి ఆ బంగ్లా వద్దనే మా సలహా.

తాటాకు కప్పు, వెదురు గోడలు ఫొటోలో ముచ్చటగా ఉంటాయి. వాటితోపాటు బల్లులు, చీమలు, దోమలు ఉచితం. దోమతెర ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. దోమల కంటే మొండివి ఇసుక ఈగలు. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటి నుంచి వారం దాకా దురద. పొద్దున, సాయంత్రం ఒట్టి ఇసుక మీద కూర్చోవద్దు. చాప గానీ కుర్చీ గానీ వేసుకోండి. కాళ్లకు కొబ్బరినూనె మందంగా రాస్తే కొంత కాపు. గోకితే పుండవుతుంది, కాలమైన్ లోషన్ రాయండి.

ప్రశ్న: "బీచ్ ముందు బంగ్లా" అని తీసుకున్న మా బంధువులకు పొద్దున్నే రాళ్లు, బురద తప్ప నీళ్లు కనిపించలేదట. మోసమా?
– చిత్తూరు నుంచి

జవాబు: మోసం కాదు, పాటు. స్వరాజ్ ద్వీప్ తూర్పు ఒడ్డున విజయనగర్, గోవింద్‌నగర్ బీచ్‌ల దగ్గర పాటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, చచ్చిన పగడపు రాళ్లు బయటపడతాయి. అక్కడ ఒట్టి కాళ్లతో నడిస్తే కోసుకుంటాయి, రబ్బరు అడుగున్న చెప్పులు ఉండాలి. పడమటి ఒడ్డున రాధానగర్‌లో మెత్తటి ఇసుక కాబట్టి ఈ బాధ తక్కువ.

పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాల తేడాతో వస్తుంది. మరుసటి రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇంట్లో గోడ క్యాలెండర్ ఉంటే సగం పని అయినట్టే. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ తగ్గుతాయి. అష్టమి, నవమి దగ్గర ఆ తేడా తక్కువ. ఈత కోసం వెళ్లేవారు అష్టమి చుట్టూ తేదీలు పెట్టుకోండి. పక్కనున్న షహీద్ ద్వీప్‌లో (పాత పేరు నీల్) లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ శిలా వంతెన చూడాలంటే మాత్రం పాటు సమయమే కావాలి.

బావిలో ఈత నేర్చినవారికి ఒక హెచ్చరిక. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ ప్రశాంతంగా, ముదురు రంగులో కనిపిస్తే అటు దిగకండి. నీళ్లు లోపలికి లాక్కుపోయే దారి అదే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, తీరానికి సమాంతరంగా ఈది పట్టీ దాటాక ఒడ్డుకు రండి. మడ అడవులు, వాగు కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. హెచ్చరిక బోర్డు పెట్టింది అలంకారానికి కాదు.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండికి ఏం చేయాలి?
– శ్రీకాళహస్తి నుంచి

జవాబు: బుక్ చేసేటప్పుడే చెప్పండి, కూరగాయల్లో చాలా భాగం ఓడ మీదే రావాలి. పప్పుల పొడి, బొరుగులు, చింతపండు పులుసు ముద్ద వెంట ఉంటే పిల్లలకు గడిచిపోతుంది. పచ్చడి సీసా మూతకు ప్లాస్టిక్ కవరు బిగించి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. ఎండు కొబ్బరి, చిన్న గ్యాస్ స్టవ్ విమానంలోకి రానివ్వరు. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

ప్రశ్న: గవ్వలు తెచ్చుకోవచ్చా? చివరి రోజు స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రం లోతుకు దిగడం) చేయవచ్చా?
– పుత్తూరు నుంచి

జవాబు: ఒడ్డున ఏరినవి వద్దు. పగడాలకు, కొన్ని రకాల గవ్వలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, చచ్చిన పగడపు ముక్క అయినా విమానాశ్రయం స్కానర్‌లో దొరికితే తీసేసుకుంటారు. దుకాణంలో కొంటే రసీదు దగ్గర ఉంచుకోండి. స్కూబా చివరి రోజున కుదరదు. లోతున ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే తగ్గిన పీడనానికి అది బుడగలు కడుతుంది. ఒక్కసారి దిగితే 12 గంటలు, రెండుమూడు సార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానం. ద్వీపం చేరిన రెండో రోజు పొద్దున పెట్టుకోండి.