కాంపాక్ట్ ఆపరేటర్ల దగ్గర ఆగిపోయిన బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

ఫంక్షనల్ అనాలిసిస్ తలకెక్కట్లేదని, కాంపాక్ట్ ఆపరేటర్ల దగ్గర ఆగిపోయానని రాసినవ్. టెన్షన్ పడకు. ఆపరేటర్ అంటే ఒక వెక్టర్‌ను ఇంకో వెక్టర్‌గా మార్చే లీనియర్ నియమం. యూనిట్ బాల్‌లో, అంటే పొడవు 1 మించని వెక్టర్లలో, ఏ సీక్వెన్స్ తీసుకున్నా, మార్చాక వచ్చేవాటిలో కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ దొరికితే అది కాంపాక్ట్. ఈ డెఫినిషన్‌ను పదేపదే చదవడం ఆపి, ఒక్క ఆపరేటర్‌ను పట్టుకో.

ఎల్-టూ స్పేస్ తీసుకో, అంటే వర్గాల మొత్తం ఫైనైట్‌గా ఉండే అంతులేని సంఖ్యల వరుసలు. మొదటి స్థానంలో 1, మిగతావన్నీ సున్నాలు. తర్వాత రెండో స్థానంలో 1. ఇలా వెక్టర్లు రాస్తూ పో. అన్నీ యూనిట్ బాల్‌లోనే ఉంటాయి, కానీ ఏ రెండింటి మధ్య దూరమైనా √2. ఒకదానికొకటి దగ్గరపడనప్పుడు కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ ఎక్కడిది? ఏ వెక్టర్‌నూ మార్చని ఐడెంటిటీ ఆపరేటర్ కాంపాక్ట్ కాకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 1/2తో, మూడోదాన్ని 1/3తో గుణించే ఆపరేటర్ పెట్టు. అవే వెక్టర్లు సున్నా వైపు కుంచించుకుపోతాయి. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు టెయిల్ ఎండ్ భూములకు చేరేసరికి సన్నగిల్లడం నువ్వు చూసిందే కదా, ఇదీ అట్లనే. పదో స్థానం తర్వాత అంతా సున్నా చేసేస్తే వచ్చే తేడా 1/11 మాత్రమే. ఇంకా దూరంలో కోస్తే ఇంకా తక్కువ. అంటే ఫైనైట్ ర్యాంక్ ఆపరేటర్లతో (ఫలితాలన్నీ ఫైనైట్ డైమెన్షన్‌లోనే ఉండేవి) దానికి ఎంత దగ్గరికైనా పోవచ్చు. అందుకే అది కాంపాక్ట్. ఇదంతా పెన్ను పట్టి చెయ్యి, చదివితే రాదు.

నేను ఆ పని చెయ్యలేదు. థియరాలన్నీ బట్టీ పట్టిన. వైవాలో కాంపాక్ట్ కాని ఆపరేటర్ ఒకటి చెప్పమంటే నోరు పెగల్లేదు. ఆ బాధ నీకొద్దు.

ఇది చేతికొచ్చాక ఒక ప్రశ్న దానంతటదే పుడుతుంది: ఏ బానాక్ స్పేస్‌లోనైనా (పొడవు కొలత ఉండి, కంప్లీట్ అయిన వెక్టర్ స్పేస్) కాంపాక్ట్ ఆపరేటర్‌ను ఇలా ఫైనైట్ ర్యాంక్ వాటితో అందుకోవచ్చా? 1936లో పోలండ్ గణితజ్ఞుడు మజూర్ అప్పటి పోలండ్‌లోని ల్వోవ్‌లో, గణితజ్ఞులు కలిసే స్కాటిష్ కేఫ్ నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాసి, తేల్చినవాళ్లకు బతికున్న పెద్దబాతును ఇస్తానన్నాడు. ఆ ప్రశ్నా, ఈ ప్రశ్నా ఒకటేనని తర్వాత గ్రోథెండీక్ అనే గణితజ్ఞుడు చూపించాడు. 1972లో స్వీడన్ గణితజ్ఞుడు పెర్ ఎన్‌ఫ్లో కుదరదని తేల్చి, ఆ బాతును మజూర్ చేతులమీదుగానే అందుకున్నాడు.

అందుకే ఎల్-టూ లాంటి హిల్బర్ట్ స్పేస్‌లో అలవాటైనదాన్ని మిగతాచోట్ల గుడ్డిగా నమ్మకు. ఆర్గిరోస్, హేడన్ అనే గణితజ్ఞులు 2011లో ప్రచురించిన స్పేస్‌లో ప్రతి బౌండెడ్ (అంటే కంటిన్యుయస్) ఆపరేటరూ ఐడెంటిటీని ఒక సంఖ్యతో గుణించి, దానికి ఒక కాంపాక్ట్ ఆపరేటర్‌ను కలిపితే వచ్చేదే. వేరే రకం అసలు లేదు! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ పేపర్ మాత్రం ఇప్పుడే తెరవకు.

దసరాకు వచ్చేటప్పుడు 1, 1/2, 1/3 బదులు 1, 0, 1, 0 పెట్టి, ఆ ఆపరేటర్ కాంపాక్ట్ అవునో కాదో కారణంతో రాసుకొని రా. అరుగు మీద కూర్చొని చూద్దాం.

మీ పెద్దనాయన