పాఠకుల ప్రశ్నలు: స్కేల్ మోడళ్ల పోటీల్లో తీర్పు ఎలా ఇస్తారు?

స్కేల్ మోడళ్ల (అసలు విమానాలు, వాహనాల వంటివాటిని నిర్ణీత నిష్పత్తిలో చిన్నవి చేసి కట్టే నమూనాల) పోటీల గురించి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫలితాలు నచ్చక రాసినవే. ఒకే రకం సందేహాలను కలిపి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 1/48 స్కేలు (అసలులో 48వ వంతు) యుద్ధవిమానానికి రెజిన్ (అచ్చుపోసిన ప్లాస్టిక్ లాంటి పదార్థం) కాక్‌పిట్, ఫొటో ఎచ్ (పలుచని లోహపు రేకు) భాగాలు విడిగా కొని అమర్చాను. ఇంజిన్ మూత తెరిచి ఉంచి, లోపలి పైపులూ తీగలూ సొంతంగా చేశాను. బహుమతి మాత్రం కిట్‌లో (డబ్బాలో వచ్చే విడిభాగాల సెట్‌లో) ఉన్నది ఉన్నట్టు కట్టిన ఒక మామూలు మోడల్‌కు వెళ్లింది. న్యాయనిర్ణేతలు శ్రమను లెక్కలోకి తీసుకోరా?

జవాబు: తీసుకుంటారు, కానీ చివర్లో. బల్ల దగ్గరకు వచ్చిన న్యాయనిర్ణేత ముందుగా చూసేది ప్రాథమిక పనితనాన్ని. విమానం దేహం రెండు సగాలు కలిసిన చోట అతుకు గీత కనబడుతోందా, జిగురు బయటికి పొంగి ఆరిపోయిందా, అచ్చు నుంచి వచ్చిన గీతలనూ పిన్ను గుంటలనూ సాపు చేశారా, ఎదురుగా నిలబడి చూస్తే రెండు రెక్కలూ ఒకే కోణంలో ఉన్నాయా, చక్రాలన్నీ నేలను తాకుతున్నాయా అన్నవి ఆయన మొదటి ప్రశ్నలు. ఆ తర్వాత రంగు వంతు వస్తుంది: పూతలో దుమ్ము, వేలిముద్ర, బ్రష్ చారలు, మాస్కింగ్ టేపు కిందికి పాకిన రంగు. డెకాళ్ల (మోడల్ మీద అతికించే గుర్తుల పొరల) చుట్టూ వెండి పొరలా మెరుపు కనబడితే అదీ లోపమే. గరుకైన మ్యాట్ పూత మీద డెకాల్ అతికించినప్పుడు దాని పొర కింద గాలి చిక్కుకుని అలా మెరుస్తుంది. ముందుగా నునుపైన, నిగనిగలాడే పూత వేసి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం వాడితే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

అతుకు గీతకు ఇంత పట్టింపు ఎందుకని చాలామంది అడుగుతారు. కారణం స్కేలు లెక్కలోనే ఉంది. 1/72 మోడల్‌లో అర మిల్లీమీటరు సందు అసలు విమానం మీద 36 మిల్లీమీటర్ల సందు అవుతుంది, అంటే రెండు వేళ్లు దూరేంత. అదే స్కేలులో ఒక మిల్లీమీటరు మందమున్న రెక్క వెనుక అంచు అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల దిమ్మె అవుతుంది. చూసేవారికి ఈ లెక్క తెలియనక్కర్లేదు. ఎక్కడో ఏదో బొమ్మలా ఉందని కన్ను ముందే పట్టేస్తుంది.

మీరు అదనంగా చేర్చిన ప్రతి భాగాన్నీ న్యాయనిర్ణేతలు ఇదే కొలతతో చూస్తారు. ఇంజిన్‌లో ఇరవై తీగలు పెడితే, వంకర పోవడానికీ జిగురు అంటడానికీ ఇరవై చోట్లు కొత్తగా ఏర్పడినట్టే. రెండు మోడళ్లు ప్రాథమిక పనితనంలో సమంగా నిలిచినప్పుడు మాత్రం కష్టమైన పనిని ఎంచుకున్నవారిదే పైచేయి అవుతుంది. మీ విషయంలో పోలిక ఆ దశ దాకా వెళ్లి ఉండకపోవచ్చు.

అయితే తప్పులు వెదుకుతూ సాగే తీర్పుకు ఒక బలహీనత ఉందని ఒప్పుకోవాలి. సాహసించి తుప్పు, పొగమసి, రంగు వెలిసిన మచ్చలు చూపించిన మోడల్‌లో ఎత్తిచూపడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, జాగ్రత్తగా ఏమీ చేయకుండా వదిలేసిన మోడల్‌లో దొరకదు. అనుభవమున్న న్యాయనిర్ణేత ఈ తేడాను గుర్తిస్తాడు. కొత్తవాడు చాలాసార్లు గుర్తించలేడు.

ప్రశ్న: ఒక పోటీలో నా ట్యాంకు మోడల్‌కు రజతం వచ్చింది. అదే మోడల్‌కు మరో పోటీలో ఏ స్థానమూ దక్కలేదు. ఈ రెండు తీర్పుల్లో ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే అయి ఉండవచ్చు, ఎందుకంటే ఆ రెండు పోటీలూ మీ మోడల్‌ను అడిగిన ప్రశ్నలు వేరు. మొదటి, రెండవ, మూడవ స్థానాలు ఇచ్చే పద్ధతి, ఈ బల్ల మీద ఉన్నవాటిలో ఏది మేలైనదని అడుగుతుంది. 1963లో బ్రిటన్‌లో మొదలైన ఐపీఎమ్ఎస్ అనే మోడలర్ల సంఘానికి అనేక దేశాల్లో శాఖలున్నాయి, వాటిలో అమెరికా శాఖ తన జాతీయ పోటీల్లో చాలాకాలం ఈ పద్ధతినే పాటించింది. ఇందులో ముగ్గురు న్యాయనిర్ణేతలు కలిసి ఒక విభాగాన్ని చూసి, చర్చించుకుని, ఒక్కొక్కదాన్నీ పక్కకు పెడుతూ చివరికి మూడింటిని మిగులుస్తారు. ఆ రోజు మీ విభాగంలో గొప్ప మోడళ్లు నాలుగు వచ్చాయంటే వాటిలో ఒకటి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లక తప్పదు.

ఓపెన్ పద్ధతి అడిగే ప్రశ్న వేరు: ఈ మోడల్ ఏ ప్రమాణాన్ని అందుకుంది? పక్కన ఏముందో దానికి అనవసరం. అర్హత ఉంటే పది మోడళ్లకూ స్వర్ణం ఇవ్వవచ్చు, లేకపోతే ఒక్కదానికీ ఇవ్వరు. సాయుధ వాహనాల మోడలర్ల సంఘమైన ఆంప్స్ ఈ దారిలో నడుస్తుంది. అక్కడ న్యాయనిర్ణేతలు పాయింట్లు వేస్తారు, ఆ మొత్తాన్ని బట్టి పతకం వస్తుంది. సైనిక బొమ్మల ప్రదర్శనల్లో మరో ఆచారం ఉంది: ఒక వ్యక్తి తెచ్చిన బొమ్మలన్నిటినీ ఒకే వరుసలో పెట్టిస్తారు, వాటిలో అత్యుత్తమమైనదాన్ని బట్టి ఆ వ్యక్తికి పతకం నిర్ణయిస్తారు. రంగు వేయడాన్ని మాత్రమే చూసే పెయింటర్స్ విభాగమూ, బొమ్మను మలచడాన్నీ మార్పులు చేయడాన్నీ కలిపి చూసే ఓపెన్ విభాగమూ (పైన చెప్పిన ఓపెన్ పద్ధతి వేరు, ఇది వేరు) వాటిలో వేర్వేరుగా ఉంటాయి.

ఉత్సాహం, ఉత్కంఠ కావాలనుకునేవారికి స్థానాల పద్ధతి నచ్చుతుంది. నేర్చుకునే దశలో ఉన్నవారికి మాత్రం ఓపెన్ పద్ధతే మేలని నా అభిప్రాయం. పాయింట్లు వేసిన కాగితం చేతికి వస్తే ఎక్కడ ఎంత పోయిందో తెలుస్తుంది, స్థానం రాలేదన్న మాట ఆ విషయం చెప్పదు.

ప్రశ్న: నైపుణ్య స్థాయిని ఎవరు నిర్ణయిస్తారు? నేను కొన్నేళ్లుగా మోడళ్లు కడుతున్నాను, కానీ పోటీకి ఇదే మొదటిసారి. బేసిక్‌లో చేరాలా, ఇంటర్మీడియట్‌లోనా?

జవాబు: ప్రవేశ పత్రం నింపేటప్పుడు సాధారణంగా మీరే నిర్ణయించుకుంటారు. జూనియర్ విభాగం ఒక్కటే వయసును బట్టి ఉంటుంది, చాలా చోట్ల అది 17 ఏళ్ల వరకే. మిగతా స్థాయిల పేర్లు బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, మాస్టర్ అని పోటీని బట్టి మారుతూ ఉంటాయి. వాటికి ఏళ్ల లెక్క పనికిరాదు. పదేళ్లు కట్టినా ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టనివారు ఉంటారు, రెండేళ్లలోనే రెక్కలు కోసి స్థానం మార్చేవారూ ఉంటారు.

మీ చివరి మూడు మోడళ్లను బల్ల మీద పెట్టి, మొదటి జవాబులో చెప్పిన ప్రాథమిక లోపాలను మీరే వెదకండి. అతుకులు, అమరిక, డెకాళ్లు ఆ మూడు మోడళ్లలోనూ నిలకడగా శుభ్రంగా ఉంటే ఇంటర్మీడియట్‌కు వెళ్లండి. ఒకటి బాగా వచ్చి రెండు చెడిపోయి ఉంటే బేసిక్‌లోనే ఉండండి. ఒక మోడల్ అదృష్టవశాత్తు కుదరవచ్చు. న్యాయనిర్ణేత చూసేది ఆ ఒక్కదాన్నే కాబట్టి ఈ విచారణ మీరే చేసుకోవాలి.

స్థాయి మారితే పరీక్షించే అంశాలు మారవు, వాటిలో ఆశించే పరిపూర్ణత మారుతుంది. బేసిక్‌లో ట్యాంకు చక్రాలన్నీ ఒకే వరుసలో ఉంటే చాలనుకుంటారు. అడ్వాన్స్‌డ్‌లో వాటి మీదుగా పోయే ట్రాక్ పైభాగం బరువుకు కొద్దిగా కిందికి కుంగి ఉందా, బురద అసలు చేరే చోటే చేరిందా, తుప్పూ గీతలూ వాహనం వాడకాన్ని బట్టి ఉన్నాయా అని చూస్తారు. అందుకే బేసిక్‌లో స్వర్ణం పొందిన మోడల్‌ను పై స్థాయిలో పెడితే కాంస్యమే రావచ్చు.

స్థాయి తగ్గించి చేరి పతకాలు ఏరుకునేవారు ప్రతి చోటా కొందరు ఉంటారు. దీన్ని అడ్డుకోవడానికి కొన్ని పోటీల్లో ఒక స్థాయిలో స్వర్ణం గెలిచినవారు తర్వాత పై స్థాయికి మారాలన్న నియమం పెడతారు. ఎక్కడో పై స్థాయిలో గెలిచినవారు ఇక్కడ కింది స్థాయిలో చేరితే, బల్ల దగ్గరే మార్చే అధికారాన్ని ప్రధాన న్యాయనిర్ణేతకు ఇస్తారు. ఈ రెండో నియమం వినడానికి కఠినంగా ఉన్నా, లేకపోతే కొత్తవారు మరుసటి ఏడాది రారు.

ప్రశ్న: “అవుట్ ఆఫ్ ది బాక్స్” విభాగంలో డబ్బాలో ఉన్నవి తప్ప ఏమీ వాడకూడదా?

జవాబు: పుట్టీ, రంగు, జిగురు ఎలాగూ తప్పవు. సందులు పూడ్చడం, మందంగా ఉన్న అంచులను అరగదీయడం, తుపాకీ గొట్టాల చివర రంధ్రం చేయడం, రేడియో తీగ కట్టడం వంటివాటిని నియమాలు సాధారణంగా అనుమతిస్తాయి. చాలా చోట్ల టేపుతో చేసిన సీటు బెల్టులకూ అనుమతి ఉంటుంది. వేరే సంస్థ అమ్మే రెజిన్ భాగాలు, విడిగా కొన్న ఫొటో ఎచ్, సొంతంగా చేసిన కొత్త భాగాలు నిషిద్ధం. ఫొటో ఎచ్ కిట్‌లోనే వచ్చినదైతే అభ్యంతరం లేదు. మోడల్‌తో పాటు కిట్ సూచనల పత్రాన్ని పెట్టమంటారు, మరిచిపోకండి. ఏది కిట్‌లోదో న్యాయనిర్ణేత తేల్చుకునేది దాన్ని చూసే.

ప్రశ్న: రంగు అసలు వాహనానికి సరిపోలేదని పాయింట్లు తగ్గిస్తారా?

జవాబు: అరుదుగా. ఎండలో వెలిసిన రంగుకూ కొత్త రంగుకూ, పాత ఫొటోలో కనిపించే ఛాయకూ పొంతన ఉండదని న్యాయనిర్ణేతలకు తెలుసు. పైగా చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుందని చాలామంది మోడలర్లు కావాలనే ఒక పాలు లేతగా వేస్తారు. మీరు ఎంచుకున్న గుర్తులు వింతగా ఉంటే ఆధారమైన ఫొటోను ఒక చిన్న కాగితంతో పక్కన ఉంచండి, పేజీలకు పేజీలు పెడితే ఎవరూ చదవరు.

ప్రశ్న: మా చిన్న క్లబ్బు మొదటిసారి పోటీ పెట్టాలనుకుంటోంది. ఎన్ని విభాగాలు పెట్టాలి? న్యాయనిర్ణేతల్లో మా సభ్యులే ఉంటే తప్పా?

జవాబు: విభాగాలు తక్కువగా మొదలుపెట్టండి: విమానాలు, సాయుధ వాహనాలు, కార్లు, ఓడలు, బొమ్మలు, డయోరమాలు (ఒక దృశ్యంగా కూర్చిన మోడళ్లు). 1/72, 1/48, 1/32 అంటూ స్కేళ్లవారీగా ముందే చీలిస్తే ఒక బల్ల మీద రెండే మోడళ్లు మిగిలి, ఎవరికీ ఓటమి ఉండదు, గెలుపుకూ విలువ ఉండదు. ఒక విభాగంలో మోడళ్లు ఎక్కువ వస్తే అప్పటికప్పుడు రెండుగా చీల్చే హక్కు ప్రధాన న్యాయనిర్ణేతకు ఉంటుందని నియమాల్లో ముందే రాయండి. స్థాయిల విషయంలోనూ అంతే. మొదటి ఏడాది జూనియర్, బేసిక్, అడ్వాన్స్‌డ్ చాలు.

ఒకే వ్యక్తి ఒక విభాగంలో మూడు స్థానాలూ పట్టుకుపోకుండా ఆపాలో లేదో కూడా ముందే తేల్చుకోండి. ఐపీఎమ్ఎస్ అమెరికా పోటీల్లో ఆ నిషేధం ఉండేది. ఓపెన్ పద్ధతిలో ఈ ప్రశ్నే తలెత్తదు.

చిన్న క్లబ్బులో సభ్యులే న్యాయనిర్ణేతలు కాక తప్పదు, అది తప్పు కాదు. తన మోడల్ ఉన్న విభాగాన్ని మాత్రం ఎవరూ చూడకూడదు. ప్రతి జట్టులో కనీసం ఒకరు ఆ రకం మోడళ్లు కట్టినవారై ఉండాలి. కార్ల పైపూత నిగనిగను ట్యాంకుల వెదరింగ్ (తుప్పు, మురికి, వాడకపు గుర్తులు చూపించే పని) చూసే కన్నుతో చూస్తే అన్యాయం జరుగుతుంది. ప్రవేశ పత్రం మీద పేరు మడత కింద దాచి, పైన సంఖ్య మాత్రమే కనిపించేలా చేయండి, అందరూ అందరినీ ఎరిగిన క్లబ్బులో దీనివల్ల ఒరిగేది కొంతే అయినా. న్యాయనిర్ణేతలకు చిన్న టార్చీలు ఇవ్వండి, మోడల్‌ను ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. డయోరమాలకు సమయం ఎక్కువ కేటాయించండి, ఎందుకంటే అక్కడ పనితనంతో పాటు కథ, కూర్పు కూడా చూడాలి, ఆ చర్చ త్వరగా తెగదు.

ఫలితాలు ప్రకటించాక అరగంట పాటు న్యాయనిర్ణేతలను బల్లల దగ్గరే ఉండమనండి. అడిగినవారికి తమ మోడల్‌లో కనిపించిన లోపాలను వారు టార్చి వేసి చూపిస్తే, మాకు ఇలా వచ్చే ఉత్తరాలు సగానికి తగ్గుతాయి.