అమ్మలూ, ఆ గాజు సీసాలు కొయ్యకు

అమ్మలూ,

మీ నాన్న షష్టిపూర్తికి వచ్చేవాళ్ళ చేతుల్లో కొన్న ప్లాస్టిక్ డబ్బాలు పెట్టనన్నావట. అటక మీద సామానుతోనే అరవై మందికీ కానుకలు చేస్తానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే ఎంత మురిసిపోయానో. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేదాకా వదిలేది కాదు మీ నాన్నమ్మ. ఆవిడ మనవరాలివి అనిపించుకున్నావు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. బాల్కనీలో సీసాలకు దారం చుట్టి, స్పిరిట్‌లో తడిపి, నిప్పంటించి కోస్తావని, ఆ సగం సీసాల్లో మైనం పోసి కొవ్వొత్తులు చేస్తావని. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. సీసాల సంగతికి తీరిగ్గా వస్తాను. ముందు నీకు బాగా కుదిరే పనులు చెబుతాను.

సంచులతో మొదలుపెట్టు. నూలు చీరలైతే ఒక్కోటి అయిదున్నర మీటర్లు, పన్నా, అంటే అడ్డం వెడల్పు, 45 అంగుళాలు. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడు. కుచ్చిళ్ళ కింది అంచు, కూర్చున్నచోటు, మడతల గీతలు పల్చబడి ఉంటాయి. అక్కడ సుద్దతో గీసి, ఆ ముక్కలు పక్కకు తియ్యి. మిగిలినదాంట్లో 13 అంగుళాల వెడల్పు, 31 అంగుళాల పొడవు ముక్కలు కోస్తే, మధ్యకు మడిచి కుట్టాక 12 కి 14 అంగుళాల సంచి వస్తుంది. పొడవును పన్నా వైపు పెట్టి కొయ్యి, అప్పుడు పక్కన 14 అంగుళాల పట్టీ మిగులుతుంది. పిడులన్నీ అందులోంచే. ఒక్కో పిడికి 4 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు. నాలుగు మడతలు వేసి రెండంచుల్లోనూ కుట్టు వెయ్యి. పాడైన చోట్లు పోగా చీరకు పది సంచులు వస్తే చాలు, అంతకు మించి లాగకు.

పాత నూలు ఒక్క పొర బరువు ఆగదు. లోపల పాత దుప్పటి గుడ్డ రెండో పొరగా తప్పకుండా వెయ్యాలి. పిడి అతికేచోట చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులాగా కుట్టు. ఒక్క వరస కుట్టుతో వదిలేస్తే పిడి ఊడదు, పిడి కిందున్న గుడ్డే చిరుగుతుంది. మొదటి సంచి అవ్వగానే మూడు కిలోల బియ్యం వేసి తలుపు గొళ్ళేనికి రాత్రంతా వేలాడదియ్యి. పొద్దునకి కుట్టు దగ్గర గుడ్డ విచ్చుకుని కనిపిస్తే పిడి పట్టీ వెడల్పు పెంచు. మిగతావి ఆ తరవాతే కొయ్యి. బేగి బేగి అరవై కోసేసి కూర్చోకు.

పట్టుచీరల విషయంలో తొందరపడకు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చీలుతుంది. రెండు చేతులతో మెల్లగా లాగి చూడు. చర్రుమంటే అది సంచికి పనికిరాదు, చిన్న పర్సుకి పైగుడ్డగా నూలు అస్తరుతో వాడుకో. మిషన్‌కి నూలు రెండు పొరలకైతే 14 నంబరు సూది, పట్టుకి 11. కొయ్యకముందు ప్రతి చీరనూ తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడు. రంగు దిగే ఎర్రచీరను లేతరంగు గుడ్డతో జతకడితే మొదటి ఉతుకులోనే రెండూ పాడు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకు, ఇప్పటి రంగులకు ఉప్పు పనిచెయ్యదు.

చీరలు కోసేముందు ఒక్కమాట. మీ నాన్నమ్మ గంధంరంగు గుంటూరు నేత చీర నీ పెట్టెలోనే ఉండాలి. అది కొయ్యకు. మీ నాన్న అడగడు గానీ చూసుకుంటాడు.

తాంబూలంలో పండు వేస్తావు కదా, అరటిపండు తొడిమ జిగురు గుడ్డకు తగిలితే నల్లమరక పడుతుంది. ఉతికినా పోదు. పండునీ ఆకులనీ విస్తరాకు ముక్కలో చుట్టి పెట్టు. కుంకుమ భరిణె మాత్రం చెయ్యాలని చూడకు, కొను. ఏటికొప్పాక లక్క భరిణెలు మన పక్కనే, వరాహ నది ఒడ్డున తయారవుతాయి. అంకుడు కర్ర, లక్క, చెట్లనుంచి తీసిన రంగులు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత చీర సంచిలో కొత్త లక్క భరిణె ఉంటే, ఇంట్లో ఉన్నదేదో వదిలించుకున్నారని ఎవరూ అనుకోరు. ఇచ్చేవాళ్ళకు గౌరవం, పుచ్చుకునేవాళ్ళకు మర్యాద.

ఇక పేపరు గిన్నెలు. మన ఇళ్ళలో చేటలకీ బుట్టలకీ పేపరు, మెంతుల ముద్ద మెత్తేవారు, అదే పద్ధతి. కిలో పాత పేపర్లకు 100 గ్రాముల మెంతులు. నిగనిగలాడే పత్రికల కాగితం వద్దు, అది నానదు. కత్తెరతో కొయ్యకు, చేత్తో చింపు. చింపిన అంచులో పీచు పైకి లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మూడురోజులు నానబెట్టు, రోజూ నీళ్ళు మార్చు, లేకపోతే కంపు అంటుకుంటుంది. మెంతులు విడిగా రాత్రి నానేసి మెత్తగా రుబ్బు. పేపరును మిక్సీలో వేస్తే పిడికెడు పిడికెడే, నీళ్ళు ధారాళంగా. గట్టిగా వేస్తే మోటారు కాలిపోయి మీ అమ్మ చేత తిట్లు తింటావు. గ్రైండరు ఉంటే అదే మంచిది. నీళ్ళు గట్టిగా పిండి, మెంతిముద్దతో కలిపి, చపాతి పిండిలా పిసుకు. చింతగింజల పిండిని ఉడికించిన జిగురు ఒక గరిటె కలిపితే గిన్నె ఇంకా గట్టిపడుతుంది.

స్టీలు గిన్నె బోర్లించి, నూనె రాసి, అర సెంటీమీటరు మందంలో మెత్తు. మందం పెంచితే పైన ఆరి లోపల తడి ఉండిపోతుంది. మన సముద్రపు గాలికి వారంలో నల్లబూజు పడుతుంది. మొదటిరోజు నీడలో, ఆ తరవాత ఎండలో. నేరుగా ఎండలో పెడితే అంచులు వంకరపోతాయి. మర్నాడు సగం ఆరగానే గిన్నెనుంచి ఊడదియ్యి. పూర్తిగా ఆరనిస్తే పేపరు కుంచించుకుపోయి గిన్నెను పట్టేస్తుంది, లాగితే పగులుతుంది. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చెయ్యి, రాత్రి మంచులో బాల్కనీలో వదిలితే పగలంతా ఆరినది వృథా. కిలో పేపరుకి 15 సెంటీమీటర్ల గిన్నెలు పదికి అటూ ఇటూ వస్తాయి. పువ్వులు, చాక్లెట్లు, తాళంచెవులు పెట్టుకోడానికేనని ఇచ్చేటప్పుడు చెప్పు. పచ్చడి వేసుకునేవాళ్ళు కూడా ఉంటారు.

ముహూర్తం మాఘంలో కాబట్టి నీకు కాలం కలిసొచ్చింది. కార్తీకం వెళ్ళేదాకా మాత్రం పేపరు పని మొదలుపెట్టకు. వాయుగుండం పట్టిందంటే నాలుగురోజులు ఎండ మొహం కనపడదు. హుద్‌హుద్ తుఫాను 2014లో వచ్చింది అక్టోబరు 12నే కదా. అప్పుడు నువ్వు మంచం కింద దూరి, మీ నాన్న చెయ్యి వదలలేదు. ఈ నెలంతా కుట్టుపని చేసుకో, అది వానలో కూడా సాగుతుంది.

కొబ్బరి చిప్పలు ఎన్నైనా చెయ్యొచ్చు, ఒక్క సంగతి తెలిస్తే చాలు. మూడు కన్నుల్లో ఒకటి మెత్తగా ఉంటుంది, అక్కణ్ణుంచి నీరు కారుతుంది. కన్నులు లేని సగం గిన్నెకి, కన్నులున్న సగం మొక్క కుండీకి. మెత్తని కన్ను పొడిస్తే నీళ్ళు పోయే రంధ్రం తయారైనట్టే. అడుగున నిలబడటానికి పాత గాజు ఒకటి అతికించు, మీ అమ్మ దగ్గర జత పోయిన గాజులు డబ్బాడు ఉంటాయి. లోపల కొబ్బరి పొర రవ్వంత మిగిలినా బూజే, కాబట్టి పూర్తిగా గీకి, 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్ది, కొబ్బరినూనె పట్టించు.

నూనె డబ్బాలు, రేకు డబ్బాలు వదిలెయ్యి. కోసిన అంచు దగ్గర తగరం పూత పోతుంది. ఉప్పుగాలికి అక్కడ మొదలైన తుప్పు మనం ఇచ్చిన నెలకే వాళ్ళింటి గచ్చు మీద మరక వేస్తుంది.

ఇప్పుడు సీసాల సంగతి. ఇది నిదానంగా చదువు, రెండుసార్లు చదువు.

దారం కాల్చి సీసా కోసే పద్ధతి కొత్తదేం కాదు. కిరసనాయిలు దారంతో ఎప్పటినుంచో చేస్తున్నారు, ఎప్పటినుంచో చేతులు కోసుకుంటున్నారు. కాలిన గీత దగ్గర గాజు వేడెక్కి సాగుతుంది, చన్నీళ్ళలో ముంచగానే ఆ గీత ముడుచుకుని పగులుతుంది, అంతే దాని కిటుకు. వీడియోలో చూపించేది తిన్నగా తెగిన ఒక్క సీసానే. దారం చుట్టూ ఒకేలా మండదు. సీసా గోడ కూడా చుట్టూ ఒకే మందం ఉండదు, అచ్చులో పోసిన సీసాకు రెండు పక్కలా అతుకు గీత ఉంటుంది. పగులు ఆ అతుకు దగ్గరకు రాగానే దారం గీత వదిలేసి నిలువుగా పైకో కిందకో పరిగెడుతుంది. చేతిలో మిగిలేది కత్తి మొన. తిన్నగా తెగినా అంచు నిండా కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. అంచును పొడిగా రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నీళ్ళలో తడుపుతూ రుద్దినా పగుళ్ళ మొనలు నున్నబడతాయి తప్ప పగుళ్ళు పోవు.

అలాంటి సీసాలో నువ్వు మంట పెడతావా? హార్లిక్స్ సీసా, పచ్చడి సీసా మామూలు గాజు. ఒక్కసారిగా సుమారు 40 డిగ్రీల తేడా వచ్చిందంటే పగిలే ప్రమాదం ఉంది. లాబొరేటరీ గాజు వేరు, దానికి వేడి తట్టుకునే గుణం ఉంది. సీసా అడుగు మందం, గోడ పల్చన. మైనం అయిపోయి వత్తి అడుగుకు చేరితే మంట నేరుగా గాజు మీదే. మంట ఒక పక్కకు ఒరిగినా అంతే. పగిలితే కరిగిన మైనం బల్ల మీద పారుతుంది, దాని వెనకే మంట. అది జరిగేది మన ఇంట్లో కాదమ్మా, కానుక తీసుకెళ్ళినవాళ్ళ ఇంట్లో, పూజగదిలోనో పిల్లల మంచం పక్కనో. అందుకే నాకు నిద్రపట్టనిది. పైగా బాల్కనీ అంటున్నావు. విశాఖ ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తులో సాయంత్రం సముద్రం గాలికి స్పిరిట్ మంట ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? ఆరేసిన బట్టలు అక్కడే. వద్దు. ఈ ఒక్కటీ నా మాట విను.

కొవ్వొత్తులు పొయ్యాలనే ఉంటే, జత పోయిన పింగాణీ టీకప్పుల్లో పొయ్యి. వేడి టీకి అలవాటు పడ్డవి, అడుగున సాసరు కూడా ఉంటుంది. ముందు ప్రతి కప్పునూ గోటితో కొట్టు. ఖంగుమంటే మంచిది, దబ్బుమని మొద్దుగా మోగితే లోపల పగులుంది, పక్కన పెట్టు. 150 మిల్లీలీటర్ల కప్పుకు అంచు కింద సెంటీమీటరు వదిలితే సుమారు 100 గ్రాముల మైనం పడుతుంది. పాత కొవ్వొత్తి ముక్కలు వాడుకో, కరిగాక పల్చటి నూలుగుడ్డలో వడగట్టు. మైనం ఎప్పుడూ నేరుగా పొయ్యి మీద పెట్టకు, నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించు. పొగ కనిపిస్తే వెంటనే కట్టెయ్యి. మైనం అంటుకుంటే నీళ్ళు చల్లకూడదు, మంట ఎగసిపడుతుంది. మూత బోర్లించాలి. ఆ మూత పని మొదలుపెట్టకముందే పక్కన ఉండాలి.

దీపం వత్తి వాడకు. పత్తి వత్తి మసి కక్కుతుంది, మంట పెద్దదవుతుంది. జడలా అల్లిన నూలు వత్తి కొను, అది మండుతూ కొస వంగి తనంతట తానే చిన్నదవుతుంది. అడుగున రేకు బిళ్ళ ఉండాలి, దాని గొట్టం అరసెంటీమీటరు పైనే ఎత్తుండాలి. మైనం అడుగంటే లోపే మంట ఆరిపోయేది దానివల్లే. వత్తి నడిమధ్యలో నిలవడానికి రెండు చీపురు పుల్లలు కప్పు మీద పెట్టి మధ్యలో ఇరికించు. మైనం చల్లారుతూ వత్తి చుట్టూ గుంట పడుతుంది. పుల్లతో పొడిచి, మిగుల్చుకున్న మైనం రెండోసారి పొయ్యి. ఎండుపూలు, మెరుపు కాగితాలు పైన అద్దకు, అవీ వత్తుల్లా అంటుకుంటాయి. ఒక్కో కప్పుకి చిన్న చీటీ కట్టు: వత్తి అరసెంటీమీటరు ఉంచి కత్తిరించాలి, నాలుగు గంటలకు మించి వెలిగించకూడదు, వెలుగుతుండగా వదిలి వెళ్ళకూడదు.

సీసాలు కొయ్యకుండా అలాగే వాడు. గోరువెచ్చని నీళ్ళలో చాకలి సోడా వేసి నానబెడితే చీటీ ఊడుతుంది, మిగిలిన జిగురుకు కొబ్బరినూనె, వంటసోడా ముద్ద రాయి. ఆవకాయ వాసన గాజుకు పోతుంది, మూత లోపలి పొరకు పోదు, కొత్త మూత కొను. రంగు వెయ్యాలంటే ముందు స్పిరిట్‌తో తుడిచి, తుడిచాక వేలు తగలనివ్వకు, వేలిముద్ర ఉన్నచోట రంగు పొరలా లేస్తుంది. అంచు చుట్టూ అర అంగుళం రంగు వద్దు. లోపల మీ అమ్మ చేసే కందిపొడి నింపి ఇవ్వు. ఫినాయిలు, మందుల సీసాలు ఎంత కడిగినా తిండికి వాడకు, ఆ జాతి సీసాలు ఇప్పుడే వేరుచేసి పారెయ్యి.

మొత్తం మీద నా లెక్క ఇదీ: సంచులు అరవై, పేపరు గిన్నెలు ఇరవై, పొడి సీసాలు ఇరవై, కప్పు కొవ్వొత్తులు పదికి మించకుండా పెద్దవాళ్ళకు మాత్రమే. చిన్నపిల్లలున్న ఇళ్ళకు కొవ్వొత్తి ఇవ్వకు, చిప్ప కుండీలో తులసి నారు పెట్టి ఇవ్వు. పొడి సీసాలు ఆఖరి వారంలోనే నింపు.

కత్తెర పదును పెట్టించు. మైనం కరిగించే రోజు మీ అమ్మ ఇంట్లో ఉండాలి, జుట్టు ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు. సీసాల దారం సంగతి మానేశానని ఈ ఆదివారం లోపల ఫోన్ చేసి నీ నోటితో చెప్పు. వచ్చే వారం మామయ్య అటు వస్తున్నారు, నా దగ్గరున్న 14 నంబరు సూదులు, రెండు పాత దుప్పట్లు అస్తరుకి పంపిస్తున్నాను.

ఆశీస్సులతో,
పెందుర్తి అత్త